మెథనాల్‌లో పోసేసరికి తెగిపోయిన రింగు: కాప్రోలాక్టోన్ రింగ్ ఎక్స్‌పాన్షన్ పాలిమరైజేషన్

ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. రింగు ఆకారపు పాలిమర్ కోసం డైబ్యుటైల్‌టిన్, 1,4-బ్యూటేన్‌డయాల్ కలిపి రింగు రూపంలో ఉండే టిన్ ఇనిషియేటర్ (గొలుసు పెరగడం మొదలుపెట్టే పదార్థం) చేశారు. దాని 1 మిల్లీమోల్‌కి 100 మిల్లీమోల్ (11.4 గ్రాములు) కాప్రోలాక్టోన్ అనే చిన్న రింగు మోనోమర్ వేసి, ద్రావకం లేకుండా 80 డిగ్రీల దగ్గర పాలిమరైజ్ చేశారు. డైక్లోరోమీథేన్‌లో కరిగించి మెథనాల్‌లో పోసి తెల్లటి పొడి తీశారు. రావాల్సిన అణుభారం 11,400. ఎన్‌ఎంఆర్ (ఏ రకం హైడ్రోజన్లు ఎన్నున్నాయో చూపే పరీక్ష) లెక్కలో 4,900 వచ్చింది, జీపీసీ (గొలుసుల్ని సైజు ప్రకారం వేరుచేసే పరీక్ష) లెక్కలో 15,300 వచ్చింది. మాల్డీలో (ఒక్కో గొలుసు బరువు విడిగా చూపే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో) రెండు వరసల పీకులు ఉన్నాయి, అందులో ఒకటి రింగుకి పొటాషియం అంటుకున్నదేమో అని అనుమానం. అసలు రింగు వచ్చినట్టా, రానట్టా? ఇంకో చిన్న ప్రశ్న: బొబ్బిలిలో యూనిట్ పెట్టాలనుకుంటున్న బంధువుకి ఈ పద్ధతి సంచుల తయారీకి పనికొస్తుందా?

రింగు వచ్చింది. మెథనాల్‌లో పోసిన క్షణాన తెగిపోయింది. మీ చేతిలో ఉన్న పొడి రెండు కొసలా హైడ్రాక్సిల్ (ఓహెచ్ గుంపు) ఉన్న తిన్నని గొలుసు, అంటే డయాల్, అందులో కొంత నీటి వల్ల పుట్టిన గొలుసు కూడా కలిసింది. మీ రెండు అంకెలూ నిజానికి ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి, లెక్క వేసిన తీరులోనే తేడా.

కట్టేసిన పూలదండలో ముడి విప్పి, ఒక పువ్వు చేర్చి, మళ్లీ ముడి వేసినట్టు ఊహించుకోండి. ఇక్కడ ముడి అంటే టిన్-ఆక్సిజన్ బంధం. ప్రతి కాప్రోలాక్టోన్ అణువూ ఆ బంధంలోకే దూరుతుంది, రింగు ఒక్కో యూనిట్ చొప్పున పెద్దదవుతుంది. అందుకే ఈ పద్ధతికి అతి పలచని ద్రావణం అక్కర్లేదు. ముందు తిన్నని గొలుసు చేసి, తర్వాత కొసలు కలిపే పద్ధతిలోనైతే ఒక గొలుసు కొస పక్క గొలుసుని పట్టుకోకుండా లీటర్లకొద్దీ ద్రావకం పోయాలి. ఆ బాధ ఇక్కడ లేదు. కానీ ముడి మాత్రం టిన్‌దే. టిన్-ఆల్కాక్సైడ్ బంధం మెథనాల్‌తో, నీటితో ఇట్టే మార్పిడి అవుతుంది. మెథనాల్ తగలగానే టిన్ బయటికి పోతుంది, రెండు కొసలూ హైడ్రాక్సిల్‌గా మిగులుతాయి, మధ్యలో ఎక్కడో బ్యూటేన్‌డయాల్ ముక్క ఉంటుంది. ఇది మీ పొరపాటు కూడా కాదు, ఆ ఇనిషియేటర్ స్వభావమే అది.

ఇక ఎన్‌ఎంఆర్. పాలీకాప్రోలాక్టోన్‌లో ఎస్టర్ పక్కన ఉండే ఆక్సిజన్-మిథిలీన్ 4.06 పీపీఎం (ఇక్కడ ఎన్‌ఎంఆర్ స్కేలు) దగ్గర, గొలుసు కొసన హైడ్రాక్సిల్ పక్క మిథిలీన్ 3.65 దగ్గర వస్తాయి. మీ నిష్పత్తి 43:1 అన్నారు. దాన్ని నేరుగా 43 యూనిట్లుగా తీసుకుని ఒక్కో యూనిట్ బరువు 114తో గుణించి 4,900 రాశారు. అంటే గొలుసుకి ఒకే కొసన హైడ్రాక్సిల్ ఉందని అనుకున్నారు. డయాల్ గొలుసుకి రెండు కొసలు, నాలుగు హైడ్రోజన్లు. 100 యూనిట్ల డయాల్ గొలుసులో కొసలు పోగా మిగిలిన 98 యూనిట్లవి 196 హైడ్రోజన్లు, నడుమ బ్యూటేన్‌డయాల్‌వి 4 కలిపి 200, కొసలవి 4. అంటే నీరు లేని ఆదర్శ నమూనాకి కూడా నిష్పత్తి 50:1 మాత్రమే. మీకు 43 వచ్చింది కాబట్టి కొసలు కొంచెం ఎక్కువున్నాయి. ఆ కొంచెమే నీటిది.

జీపీసీ వైపు నుంచి చూడండి. 15,300 అనేది పాలీస్టైరీన్ ప్రమాణంతో వచ్చిన అంకె. టీహెచ్‌ఎఫ్ ద్రావకంలో పాలీకాప్రోలాక్టోన్‌కి 0.56తో గుణించాలి: సుమారు 8,570. మోనోమర్ మొత్తం 11.4 గ్రాములూ గొలుసుల్లోకి వెళ్లిందనుకుంటే 11,400ని 8,570తో భాగిస్తే 1.33. అంటే 1 మిల్లీమోల్ ఇనిషియేటర్ ఉన్నచోట 1.33 మిల్లీమోల్ గొలుసులు ఉన్నాయి. అదనంగా ఉన్న 0.33 మిల్లీమోల్ నీటివి. నీటి గొలుసుకి ఒక కొస హైడ్రాక్సిల్, ఇంకో కొస కార్బాక్సిలిక్ ఆమ్లం. ఇప్పుడు 3.65 దగ్గర రావాల్సిన హైడ్రోజన్లు 4 ప్లస్ 0.66, అంటే 4.66. 200ని దానితో భాగిస్తే 43. మీ ఎన్‌ఎంఆర్ అంకె అదే. రెండు పరికరాలూ ఒకే మాట చెప్తున్నాయి.

0.33 మిల్లీమోల్ నీరంటే 6 మిల్లీగ్రాములు. 11.4 గ్రాముల మోనోమర్‌లో అది దాదాపు 500 పీపీఎం (పది లక్షల వంతుల్లో 500). 3.65 పీకు చిన్నది కాబట్టి ఇంటిగ్రేషన్‌లో అటూఇటూ ఐదు శాతం తేడా వస్తే ఈ అంకె 300 నుంచి 700 దాకా కదులుతుంది. ఏదైనా ఒక చుక్కలో పదోవంతు నీరు మీ గొలుసుల్లో పాతిక శాతాన్ని పుట్టించింది. మోనోమర్‌లో నీరు 50 పీపీఎంకి దిగితే అదే వాటా మూడు శాతానికి వస్తుంది.

మాల్డీ విషయానికొద్దాం. అక్కడ ప్రతి గొలుసూ ఒక సోడియం లేదా పొటాషియం అయాన్‌ని అంటించుకుని కనిపిస్తుంది. ప్రతి పీకు నుంచి 114.14 గుణిజాలు తీసేస్తే మిగిలేది చూడాలి. టిన్ లేని రింగుకి సోడియం అంటితే మిగిలేది 23.0. రింగుకి పొటాషియం అంటితే 39.1. నీటి గొలుసుకి సోడియం అంటితే 18 ప్లస్ 23, అంటే 41.0. బ్యూటేన్‌డయాల్ గొలుసుకి సోడియం అంటితే 113.1. ఇది యూనిట్ బరువు కన్నా ఒకటే తక్కువ కాబట్టి మీకు "మైనస్ 1" వరసగా కనిపించింది. మీరు పొటాషియం రింగు అనుకున్నది 41 దగ్గర ఉందని మీరే రాశారు. 39.1కీ 41.0కీ బరువులో తేడా దాదాపు రెండే. 40 కాప్రోలాక్టోన్ యూనిట్ల గొలుసు దగ్గర చూస్తే ఒకటి 4,604.7, మరొకటి 4,606.6. కాలిబ్రేషన్ సరిగా లేని రోజున ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి, చాలామంది పడే గొయ్యి ఇదే. తేల్చుకోవడానికి తేలిక మార్గం ఉంది. శాంపిల్‌లో సోడియం ట్రైఫ్లోరోఅసిటేట్ కావాలనే కలపండి. పొటాషియం వరసైతే తగ్గిపోయి, 23 దగ్గర జంట వరస లేస్తుంది. నీటి గొలుసైతే 41 అక్కడే బలపడుతుంది. మీ స్పెక్ట్రమ్‌లో 23 వరస బొత్తిగా లేదన్నారు కాబట్టి నా తీర్పు నీటి గొలుసే. పైగా 23 వరస లేకపోవడం ఒకరకంగా మంచి గుర్తు: ఎక్కువసేపు, ఎక్కువ వేడి మీద ఉంచితే గొలుసు తన మీద తానే కాటేసి టిన్ లేని చిన్న చిన్న రింగుల్ని విడుస్తుంది, మీది ఆ స్థితికి పోలేదు. మాల్డీ అంకెలతో సగటు అణుభారం మాత్రం లెక్క కట్టకండి, అది తేలిక గొలుసుల్నే ఎక్కువ చూపిస్తుంది.

ఇప్పుడు ముందు తేల్చుకోవాల్సింది, మీకు కావాల్సింది ఏమిటని. రెండు కొసలా హైడ్రాక్సిల్ ఉన్న డయాల్ కావాలంటే మీరు వాడిన టిన్ పద్ధతి చక్కగా సరిపోతుంది. మెథనాల్‌కి బదులు అక్కడే డైఆసిడ్ క్లోరైడ్ వేస్తే రింగులు తెరుచుకుని పొడవాటి గొలుసుగా అతుక్కుంటాయి, డైబ్యుటైల్‌టిన్ డైక్లోరైడ్ పక్కకి వస్తుంది. బ్లాక్ కోపాలిమర్లకి ఇది అందమైన దారి. నిజమైన, టిన్ లేని రింగే కావాలంటే మాత్రం ఈ ఇనిషియేటర్ మీద ఇంకో ఆరు నెలలు పెట్టడం దండగ.

డయాల్ దారిలో వెళ్తే ఇనిషియేటర్ తయారీ గురించి ఒక మాట. డైబ్యుటైల్‌టిన్ డైమెథాక్సైడ్ ఖరీదు, తేమకి తాళదు. డైబ్యుటైల్‌టిన్ ఆక్సైడ్ పొడి చవక. 20 మిల్లీమోల్ స్కేల్‌లో 4.98 గ్రాముల ఆక్సైడ్, 1.80 గ్రాముల బ్యూటేన్‌డయాల్, 100 మిల్లీలీటర్ల టాలుయీన్ వేసి డీన్-స్టార్క్ (బయటికొచ్చే నీటిని విడిగా పట్టే గొట్టం) పెట్టి మరిగించండి. బయటికి రావాల్సిన నీరు 0.36 మిల్లీలీటరే, గొట్టంలో కంటికి సరిగా ఆనదు. కాబట్టి ఆ కొలతని నమ్మకుండా ఫ్లాస్కుని చూడండి: తెల్లటి మడ్డి పోయి ద్రావణం తేటపడాలి. తేటపడ్డాక మరో గంట మరిగించి, టాలుయీన్ తీసేసి, ఎక్కువ వాక్యూమ్‌లో డిస్టిల్ చేసుకోండి. బ్యూటేన్‌డయాల్ ముందే ఎండబెట్టి ఉండాలి, కొంచెం ఎక్కువ వేసినా అది కూడా గొలుసులు పుట్టించి అణుభారాన్ని తగ్గిస్తుంది.

నీటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే శ్రీకాకుళం తీరంలో ఇదే అసలు శత్రువు. వంటింట్లో ఉప్పు డబ్బా చెమర్చే రోజుల్లో కాల్షియం క్లోరైడ్ గార్డు ట్యూబు ఒక పూటలో ముద్దయిపోతుంది. కాప్రోలాక్టోన్‌ని కాల్షియం హైడ్రైడ్ మీద 24 నుంచి 48 గంటలు తిప్పి, వాక్యూమ్‌లో డిస్టిల్ చేయండి. 10-15 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర 97-98 డిగ్రీలకి వస్తుంది. నీటి కుళాయి ఆస్పిరేటర్‌తో ఆ వాక్యూమ్ రాదు: 30 డిగ్రీల నీటి ఆవిరి పీడనమే 32 మిల్లీమీటర్లు, ఆస్పిరేటర్ అంతకన్నా కిందికి దిగలేదు. నూనె రోటరీ పంపు, ముందు చల్లని ట్రాపు తప్పవు. మొదట వచ్చే పది శాతం పారబోయండి. కాల్షియం హైడ్రైడ్ మిగులుని చల్లార్చాక ఐసోప్రొపనాల్ చుక్కలు చుక్కలుగా వేసి చంపాలి, నేరుగా నీళ్లు పోస్తే హైడ్రోజన్ అంటుకుంటుంది.

గాజు సామాను 130 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచి, వేడిగానే బిగించి, నైట్రోజన్ కింద చల్లారనివ్వాలి. గాజు ఉపరితలం మీది హైడ్రాక్సిల్స్ కూడా చిన్న స్కేల్‌లో లెక్కలోకొస్తాయి, అందుకే ఫ్లాస్కు లోపల ట్రైమిథైల్‌క్లోరోసిలేన్‌తో సిలనైజ్ చేయడం అలవాటు చేసుకోండి. నైట్రోజన్ బెలూన్ మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోకండి. రబ్బరు తేమని ఆపదు, కొన్ని గంటల్లోనే లోపలికి రానిస్తుంది. పరిశ్రమ గ్రేడు సిలిండరైతే గ్యాస్‌ని మాలిక్యులర్ సీవ్స్ (నీటిని పీల్చుకునే గుళికలు) కాలమ్ గుండా పంపండి. సీవ్స్ 3 ఆంగ్‌స్ట్రామ్‌వి తీసుకుని, వాడే ముందు 300 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో రాత్రంతా కాల్చాలి. డబ్బాలోంచి తీసి నేరుగా వేస్తే అవి నీరు లాక్కోవడానికి బదులు నీరు ఇస్తాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన మోనోమర్ సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి. మన ఊళ్లలో ఆగస్టులో చల్లని సీసా తెరవడమంటే మంచు పట్టించడమే.

ఎంత ఎండబెట్టామన్నది ఊహ మీద వదలకూడదు. నీటి జాడలు కొలిచే కార్ల్ ఫిషర్ టైట్రేటర్ మీ డిపార్ట్‌మెంట్‌లో లేకపోతే పైడిభీమవరంలో ఏ మందుల కంపెనీ క్యూసీ ల్యాబ్‌లోనైనా ఉంటుంది. మీ సీనియర్లలో ఒకరైనా అక్కడ పనిచేస్తూ ఉంటారు. సెప్టమ్ సీసాలో రెండు మిల్లీలీటర్లు పంపి అంకె తెప్పించుకోండి. అయితే అక్కణ్నుంచి "డ్రై టాలుయీన్" అని రికవరీ సాల్వెంట్ తెచ్చుకోవద్దు. అందులో మెథనాల్ జాడలుంటే కార్ల్ ఫిషర్‌కి కనపడవు, మీ టిన్‌కి మాత్రం కనపడతాయి.

నిజమైన రింగు కావాలంటే నాకు తెలిసినంతలో మూడు దారులు. మొదటిది, మీ ఇనిషియేటరే వాడి, చివర్లో టిన్ పక్కన అక్రిలేట్ గుంపున్న కాప్రోలాక్టోన్ యూనిట్లు కొన్ని చేర్చి, అల్ట్రావయొలెట్ కాంతితో అక్కడికక్కడే అతికించడం. ముడి పక్కన కుట్టు వేయడమన్నమాట. ఆ తర్వాత టిన్ పోయినా రింగు ఉంటుంది. తెలివైన పద్ధతే, కానీ ఆ ప్రత్యేక మోనోమర్ తయారీయే ఒక ప్రాజెక్టు.

రెండోది టిన్ లేని కార్బీన్ దారి. ఇక్కడ మోనోమర్ కాప్రోలాక్టోన్ కాదు, లాక్టైడ్ (పాలీలాక్టిక్ ఆమ్లం, అంటే పీఎల్‌ఏ, తయారయ్యే రింగు). దాన్ని ఎన్-హెటెరోసైక్లిక్ కార్బీన్ అనే లోహం లేని కేటలిస్టు తెరిచి, ఒక కొసన ప్లస్, ఇంకో కొసన మైనస్ ఉన్న గొలుసు పెంచుతుంది, చివరికి మైనస్ కొస తిరిగొచ్చి కార్బీన్‌ని తన్నేసి రింగు మూసుకుంటుంది. స్టాన్‌ఫర్డ్‌లో వేమౌత్, ఐబీఎంలో హెడ్రిక్ బృందాలు కలిసి 2007లో చూపించిన పద్ధతి. గది వేడిలో, నిమిషాల్లో అయిపోతుంది. కానీ లెక్క చూడండి: 0.5 గ్రాముల లాక్టైడ్‌కి 100:1 చొప్పున ఐమెస్ అనే కార్బీన్ 10.6 మిల్లీగ్రాములు, అంటే 0.035 మిల్లీమోల్. 5 మిల్లీలీటర్ల టీహెచ్‌ఎఫ్‌లో 50 పీపీఎం నీరుంటే అది 0.012 మిల్లీమోల్, కార్బీన్‌లో మూడోవంతు. ఆ నీరు రియాక్షన్‌ని ఆపేసినా బాగుండేది. ఆపదు. ఆల్కహాల్, నీరు ఉన్నచోట ఇదే కార్బీన్ తిన్నని గొలుసుల్ని అద్భుతంగా తయారుచేస్తుంది, మీరు రింగనుకుని సంతోషిస్తారు. గ్లవ్ బాక్స్ (తేమ లేని వాయువు నింపిన మూసిన పెట్టె) లేకుండా దీని జోలికి పోవద్దనే నా సలహా. పైగా ఆ ప్రయోగాల్లో రియాక్షన్ ఆపడానికి వాడే కార్బన్ డైసల్ఫైడ్ హాట్ ప్లేట్ వేడికే, 90 డిగ్రీల చుట్టుపక్కల, నిప్పు రవ్వ లేకుండా అంటుకుంటుంది.

మూడోది మీకు నప్పుతుంది. బ్యూటేన్‌డయాల్‌కి బదులు 2,2'-డైహైడ్రాక్సీబైఫినైల్‌తో డైబ్యుటైల్‌టిన్ రింగు చేయడం. హాంబర్గ్‌లో రసాయన శాస్త్రవేత్త క్రిచెల్‌డార్ఫ్ విస్తారంగా పనిచేసిన దారి ఇది. టిన్-ఫినాక్సైడ్ తేలిగ్గా వదిలిపోయే రకం కాబట్టి, పెరుగుతున్న గొలుసు తన రెండో కొసని తానే కాటేసి మూసుకుంటుంది, కేటలిస్టు బయటపడి మళ్లీ పనిచేస్తుంది. మిగిలే రింగులో టిన్ లేదు, అందుకే చల్లని మెథనాల్‌లో పోసినా తెగదు. ఎల్-లాక్టైడ్ 5.77 గ్రాములు (40 మిల్లీమోల్) నైట్రోజన్ కింద కరిగించి, 0.1 మిల్లీమోల్ కేటలిస్టు (41.7 మిల్లీగ్రాములు) ఎండు టాలుయీన్‌లో ద్రావణంగా సిరంజితో వేసి 140 డిగ్రీల దగ్గర ఉంచండి. ఒకటి, రెండు, నాలుగు గంటలకి చిన్న శాంపిల్స్ తీయండి. ఎన్‌ఎంఆర్‌లో లాక్టైడ్ క్వార్టెట్ 5.04 దగ్గర తగ్గి పాలిమర్‌ది 5.16 దగ్గర పెరగాలి. 4.35 దగ్గర క్వార్టెట్ కనిపిస్తే అది తిన్నని గొలుసు కొస. మధ్యలో మొత్తం గట్టిపడిపోతే కంగారొద్దు, పాలిమర్ స్ఫటికమవుతోంది. ఒక్క హెచ్చరిక: ఇక్కడ అణుభారం మోనోమర్-కేటలిస్టు నిష్పత్తి చెప్పినట్టు వినదు. కేటలిస్టు మళ్లీ మళ్లీ పనిచేస్తుంది కదా, 400:1 అంటే 57,600 అని రాసేయకండి.

లాక్టైడ్ శుభ్రత మీదే అంతా ఆధారపడి ఉంది. ఎండు టాలుయీన్ నుంచి రెండుసార్లు స్ఫటికీకరించి, వీలైతే వాక్యూమ్‌లో సబ్లిమేట్ చేయండి. ద్రవీభవనం 95-97 డిగ్రీల మధ్య, ఒకటి రెండు డిగ్రీల వ్యాప్తిలో రావాలి. కింద 90 దగ్గరే చెమర్చడం మొదలైతే లాక్టిక్ ఆమ్లమో మీసో లాక్టైడో ఉన్నట్టే. ఈ పని డిసెంబరు, జనవరికి పెట్టుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. మాల్డీలో రింగు గుర్తు 144.13 గుణిజాల మీద 23. మధ్యలో 72 దగ్గర బేసి వరస లేస్తే గొలుసులు ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయని అర్థం, వేడి లేదా సమయం తగ్గించాలి. జీపీసీలో రింగు అదే బరువున్న తిన్నని గొలుసు కన్నా ఆలస్యంగా వస్తుంది, స్నిగ్ధత దాదాపు 0.7 వంతు. కానీ ఆ ఒక్కదాన్నీ ఋజువుగా చూపకండి, తక్కువ బరువున్న తిన్నని గొలుసు కూడా ఆలస్యంగానే వస్తుంది. మాల్డీ, కొసల ఎన్‌ఎంఆర్, విస్కోమీటర్ మూడూ ఒకే మాట చెప్పాలి. ఈ పరీక్షలకి విశాఖ ల్యాబ్‌కి శాంపిల్ పంపేటప్పుడు ఎండు పొడిగానే పంపండి.

జీర్ణమయ్యే విషయంలో రింగుకి ఒక వింత గుణం ఉంది. నీరు మొదట ఒకచోట కోస్తే రింగు తిన్నని గొలుసవుతుంది, బరువు మాత్రం మారదు. రెండో కోతతోనే అణుభారం పడటం మొదలవుతుంది. డిగ్రేడేషన్ ప్రయోగం పెడితే మొదటి రోజుల్లో జీపీసీ పీకు బరువు పెరిగినట్టుగా ముందుకి జరగొచ్చు. తప్పు జరిగిందని శాంపిల్ పారేయకండి.

మీ బంధువుకి సూటిగా చెప్పండి, సంచులకి ఇది కాదు. మార్కెట్‌లో కంపోస్ట్ అయ్యే సంచులు తిన్నని పాలిమర్లతోనే, ఎక్కువగా పీబీఏటీ, పీఎల్‌ఏ అనే కంపోస్ట్ అయ్యే ప్లాస్టిక్‌ల మిశ్రమంతో చేస్తారు. రెసిన్ కొని ఫిల్మ్ ఊదడమే ఆ వ్యాపారం, పాలిమరైజ్ చేయడం కాదు. అమ్మాలంటే ఐఎస్ 17088 ప్రమాణం, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. పీఎల్‌ఏ 58 డిగ్రీల చుట్టూ ఉండే పారిశ్రామిక కంపోస్టులో కుళ్లి కలిసిపోతుంది గాని ఊరి చెరువులో వేస్తే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

చివరిగా టిన్. మీ 11.4 గ్రాముల బ్యాచ్‌లో వేసిన 0.321 గ్రాముల ఇనిషియేటర్‌లో 119 మిల్లీగ్రాముల టిన్ ఉంది, అంటే సుమారు ఒక శాతం. ఒకసారి మెథనాల్‌లో పోస్తే చాలావరకు వడపోత ద్రవంలోకి పోతుంది గాని అంతా పోదు, కనీసం రెండోసారి అవక్షేపించండి. ఇథేన్‌డైథయాల్ వేసి తీయవచ్చు, కానీ దాని కంపు బిల్డింగంతా పాకుతుంది, ఫ్యూమ్ హుడ్ బాగా లాగకపోతే వద్దు. డైబ్యుటైల్‌టిన్ సంతానోత్పత్తికి హాని చేసే విషం, చర్మం గుండా వెళ్తుంది. నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని చెయ్యండి, గర్భవతులు ఆ గదిలో పని చేయకూడదు. ఆ వడపోత మెథనాల్‌ని సింకులో పోయకుండా "టిన్ వ్యర్థం" అని రాసిన మూత గట్టి సీసాలో దాచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకే ఇవ్వండి. ఊరి డ్రెయిన్లు చివరికి కలిసేది నాగావళిలోనే.